ఆకివీడు నుంచి అమెరికా ఎంత దూరం?

అమెరికా ఏ దిక్కున ఉన్నదని ఎవరినైనా అడిగి చూడండి. పడమర అంటారు. కాస్త చదువుకున్నవారైతే "తూర్పుగా పోయినా వస్తుంది లెండి, భూమి గుండ్రంగా ఉంది కదా" అంటారు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పిన నేనూ ఆ మాటే అనేవాణ్ణి. కాని మా ఆకివీడు వారికి అమెరికా పడమరా కాదు, తూర్పూ కాదు. ఉత్తరం! మా పెరట్లో బావి దగ్గర నిలబడి ధ్రువనక్షత్రం వైపు మొహం పెడితే, ఆ ఎదురుగా ఉన్నదే అమెరికా.

ఈ సంగతి కనిపెట్టిన రోజున నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. ఆ సంబరమే తరువాత మా ఇంట్లో ఒక పెద్ద పొరపాటుకు కారణమైంది. రెండూ చెప్తాను. ముందు సంబరం.

మా అన్నయ్య కొడుకు విచిటాలో ఉంటాడు. అమెరికా అంటే మనకు న్యూయార్కు, డల్లాసు, కాలిఫోర్నియా తెలుసు గాని, కాన్సాస్ రాష్ట్రంలో గోధుమ చేల నడుమ ఉన్న విచిటా పేరు ఎందరు విన్నారు? కాని విమానాలవాళ్ళకు అది కాశీ వంటిది. 1927లో క్లైడ్ సెస్నా తన విమానాల కంపెనీ పెట్టింది అక్కడే. బీచ్‌క్రాఫ్ట్ విమానాలు పుట్టిందీ అక్కడే. ప్రపంచానికి విమాన రాజధాని తమదేనని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. మావాడు అక్కడ ఒక కర్మాగారంలో విమానం రెక్కలో ఏదో ఒక ముక్కకు బొమ్మలు గీసే ఇంజనీరు. ఇంతా చేసి ఆ ఊరి విమానాశ్రయం మాత్రం చిన్నది. ఐసెన్‌హోవర్ పేరు పెట్టారు. అక్కడ ఎక్కి ఆ దేశంలో పెద్ద ఊళ్ళకు పోవచ్చు గాని, సముద్రం దాటాలంటే మరోచోట మారవలసిందే.

ఇక ఈ చివర సంగతి. ఆకివీడు వారికి రెండు విమానాశ్రయాలున్నాయి. అటు గన్నవరం, ఇటు రాజమహేంద్రవరం దగ్గర మధురపూడి. రెంటి మధ్య ఆకాశంలో కొలిస్తే సుమారు 125 కిలోమీటర్లు. మేము నడుమ ఉన్నాం. మా చుట్టాలంతా గోదావరి వైపు వాళ్ళు కనుక మాకు అలవాటైంది మధురపూడి. దారిలో తాడేపల్లిగూడెం దగ్గర మూడోది కూడా ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వేసిన రన్‌వే అది. ఇప్పుడు దాని మీద పొద్దున్నే షికారు నడిచేవాళ్ళూ, కారు నేర్చుకునే కుర్రవాళ్ళూ తప్ప విమానాలు లేవు.

ఒక సంక్రాంతికి ఇంటినిండా పిల్లలు చేరారు. "తాతయ్యా, రాజమండ్రి నుంచి బాబాయి ఊరికి తిన్నగా విమానం వేస్తే ఎంతసేపు పడుతుంది?" అని ఒకడు అడిగాడు. గోడ మీద ప్రపంచ పటం ఉంది గాని దాని మాట నమ్మకూడదు. గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచిన పటంలో తిన్నని గీత నిజంగా తిన్ననిది కాదు. నారింజ తొక్కను బల్ల మీద పరిస్తే అంచులు చిరిగిపోవడం లేదూ? అందుకని బీరువా మీంచి పాత గ్లోబు దింపి, దుమ్ము దులిపి, ఒక దారం పుచ్చుకున్నాను. గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి లాగితే, అది ఏ దారిన పడుతుందో అదే అతి దగ్గర దారి.

లాగాను. దారం పడమటికి పోలేదు. తూర్పుకూ పోలేదు. నిటారుగా పైకి పోయి, గ్లోబు నెత్తి మీద ఇరుసు మేకుకు తగిలి ఆగింది!

పిల్లలకంటె నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను. పుస్తకం తీసి చూస్తే కారణం కనిపించింది. మన దేశపు గడియారాలన్నిటికీ ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖ మన కాకినాడకు చేరువగానే పోతుంది. భూగోళానికి అవతలి వైపు దానికి సరిగ్గా ఎదురుగా ఉండేది 97½ డిగ్రీల పశ్చిమ రేఖ. విచిటా ఉన్నది ఆ రేఖ మీదే! మధురపూడి 81.8 డిగ్రీల దగ్గర ఉంది కనుక వెంట్రుకవాసి తేడా. ఆ రెండు విమానాశ్రయాల నడుమ అతి దగ్గర దారి ఉత్తర ధ్రువానికి వంద కిలోమీటర్ల లోపునుంచే పోతుంది.

అలాంటప్పుడు దూరం కట్టడం అయిదో తరగతి లెక్క. మధురపూడి భూమధ్య రేఖకు ఉత్తరాన 17.1 డిగ్రీలలో ఉంది. అక్కడినుంచి ధ్రువానికి 72.9 డిగ్రీలు. అవతల విచిటా 37.65 డిగ్రీలలో ఉంది. ధ్రువంనుంచి అక్కడికి 52.35. రెండూ కలిపితే 125¼. ఒక్కొక్క డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. హెచ్చవేస్తే 13,900 కిలోమీటర్లు. పెద్ద జెట్ విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుంది. అంటే పదిహేనున్నర గంటలు. సింగపూర్ నుంచి న్యూయార్కుకు ఎక్కడా దిగకుండా పోయే విమానం 15,300 కిలోమీటర్లు ఎగురుతుంది. కనుక ఇది విమానానికి చేతకాని దూరమేమీ కాదు.

మరి ఆ దారిలో ఏమేమి వస్తాయో చూడండి! ఇక్కడినుంచి నిటారుగా ఉత్తరానికి పోతే దాదాపు ప్రయాగ మీదుగా పోతాం. దాటితే అయోధ్య పక్కగా హిమాలయాలు. ఆ అవతల మానస సరోవరం, కైలాసం. మా ఆకివీడు రేఖాంశమూ కైలాస పర్వతం రేఖాంశమూ దాదాపు ఒక్కటే, 81.3 డిగ్రీల చిల్లర! ఇన్నాళ్ళూ కైలాసం మా ఇంటికి ఎదురుగానే ఉన్నా మాకు తెలియలేదు. ఆ పైన చైనా పడమటి ఎడారులు, సైబీరియా అడవులు, మంచు సముద్రం, ధ్రువం. అక్కడినుంచి దిగడం. కెనడా మంచు దీవులు, విన్నిపెగ్, గోధుమ చేలు, విచిటా.

వరండాలో కూర్చుని వత్తులు చేసుకుంటున్న మా అమ్మ అంతా విని, "అయితే మన కొల్లేటి బాతులొచ్చే దారే కదురా" అన్నది.

నేను గ్లోబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అమ్మ కొల్లేటి లంకలో పుట్టింది. శీతాకాలంలో సూదితోక బాతులు ఉత్తరాన్నుంచి దిగడం ఆమె చిన్ననాటినుంచీ చూసింది. అవి సైబీరియా నుంచి హిమాలయాలు దాటి వస్తాయని నేను పుస్తకంలో చదివాను. ఆమెకు దారి తెలుసు, నాకు పేర్లు తెలుసు.

ఆ వేళనుంచి నేను ఊళ్ళో ఎవరు కనిపించినా ఈ మాటే. "మా వాడికీ మాకూ పదిహేనున్నర గంటల దూరం, అంతే!" అని.

* * *

ఇక పొరపాటు సంగతి.

2023 మే నెలలో, ఒక మంగళవారం రాత్రి ఎనిమిది గంటలకు మా అన్నయ్య పోయాడు. అరవై ఎనిమిదేళ్ళు. ముందుగా జబ్బేమీ లేదు. భోజనానికి లేచి, గోడ పట్టుకుని కూలబడ్డాడు.

ఒక్కడే కొడుకు. విచిటాలో అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. ఫోను చేసింది నేనే. వాడు మాట్లాడలేదు; "వస్తున్నా బాబాయ్" అన్నాడు, అంతే.

బంధువులంతా చేరారు. ఎండలు మండిపోతున్నాయి. భీమవరం నుంచి మంచుపెట్టె తెప్పించాం. పెద్దలు నన్ను అడిగారు: "మాస్టారూ, కుర్రవాడు ఎప్పటికి వస్తాడు?" ఇంట్లో లెక్కలు తెలిసినవాణ్ణి నేను. నా నోట పదిహేనున్నర గంటలు సిద్ధంగా ఉంది. దానికి మరో అయిదారు గంటలు ఉదారంగా కలిపి, "రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు" అన్నాను. ఆ మాట మీద కట్టెలు తెప్పించారు, పురోహితుడికి చెప్పారు, దూరపు వాళ్ళకు కబురు పెట్టారు.

బుధవారం సాయంత్రమైంది. వాడు ఇంకా ఆకాశంలో ఉన్నాడు. గురువారం పొద్దున ఎనిమిది దాకా చూశాం. పెట్టె ఉన్నా లాభం లేదని తెలిసినవాళ్ళు చెప్పారు. వదినె స్థితి చూడలేకుండా ఉంది. ఎప్పటికి వస్తాడని మళ్ళీ నన్నే అడిగారు. ఈసారి నా దగ్గర జవాబు లేదు. పది గంటలకు తలకొరివి నేనే పెట్టాను.

వాడు దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. గుమ్మంలో కారు దిగి, ఖాళీగా ఉన్న వాకిలి చూసి, ఏమీ అడగలేదు. కాళ్ళు కడుక్కుని మామ్మ పక్కన కూర్చున్నాడు. ఒక్క మాట అని ఉంటే నాకు తేలికగా ఉండేది. పన్నెండు రోజులూ వాడే చేశాడు. కాని ఆ ఒక్కటీ వాడి చేతినుంచి పోయింది. 'అంత త్వరగా రాడు, రెండు రోజులు పడుతుంది' అని మంగళవారం రాత్రే చెప్పి ఉంటే, ఏలూరులో ఆస్పత్రి వాళ్ళను బతిమాలి శీతల గదిలో ఉంచేవాళ్ళం. చెప్పవలసినవాణ్ణి నేను.

* * *

లెక్క ఎక్కడ తప్పింది? పన్నెండో రోజు దాటాక వాణ్ణి కూర్చోబెట్టుకుని గంట గంటకూ రాసుకున్నాను. మీలో చాలా ఇళ్ళల్లో పిల్లలు పై దేశాల్లో ఉన్నారు కనుక ఇది మీకూ పనికివస్తుంది.

కబురు అందాక టికెట్టుకూ సర్దుకోవడానికీ అయిదు గంటలు. విచిటా విమానాశ్రయంలో గంటన్నర. అక్కడినుంచి డల్లాసుకు గంటా ఇరవై నిమిషాలు. డల్లాసులో ఎదురుచూపు ఆరు గంటలు. దుబాయికి పధ్నాలుగున్నర. అక్కడ ఎదురుచూపు అయిదు. హైదరాబాదుకు మూడున్నర. బయటపడడానికి గంటన్నర. అప్పటికి మధురపూడికి వచ్చే చిన్న విమానం ఆ పూటకు వెళ్ళిపోయింది. మరుసటి దానికోసం కూర్చునే కంటె నయమని కారు మాట్లాడుకుని ఏడున్నర గంటలు. మొత్తం నలభై ఆరు గంటలకు కొంచెం తక్కువ.

దూరం చూడండి. తిన్నగా అయితే 13,900 కిలోమీటర్లు. డల్లాసు, దుబాయి, హైదరాబాదుల మీదుగా మధురపూడికి కట్టినా 16,400 లోపే. పెరిగినది అయిదో వంతు కూడా లేదు. కాని కాలం మూడు రెట్లయింది! నిజంగా గాలిలో ఉన్నది పందొమ్మిది గంటల చిల్లర. విమానాశ్రయాల్లో బల్లల మీద కూర్చున్నది పధ్నాలుగు గంటలు.

నేను చేసిన మొదటి తప్పు, వేగంతో దూరాన్ని భాగించడం. హైదరాబాదు నుంచి మధురపూడికి గాలిలో 360 కిలోమీటర్లు. ఆ చిన్న విమానం వేగం గంటకు 500. భాగిస్తే నలభై మూడు నిమిషాలు. కాని టికెట్టు మీద గంట పైచిలుకు రాస్తారు. ఎందుకంటే విమానాల వాళ్ళు కాలం లెక్కపెట్టేది గాలిలోకి లేచినప్పటినుంచి కాదు. చక్రాలకు అడ్డుగా పెట్టిన దిమ్మలు తీసిన క్షణంనుంచి, దిగినచోట మళ్ళీ దిమ్మలు పెట్టేదాకా. నేల మీద దొర్లడం, వరుసలో నిలబడడం, ఎక్కడం, దిగడం అంతా అందులోదే. దూరం తక్కువైన కొద్దీ ఈ చిల్లర ఖర్చే ఎక్కువ.

రెండో తప్పు గాలిని మరిచిపోవడం. పైన చాలా ఎత్తున పడమటినుంచి తూర్పుకు బలమైన గాలి ఏరులా పారుతూ ఉంటుంది. ఏటివాలు పడవకూ ఏటికెదురు పడవకూ తేడా మనకు తెలియనిదా? 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు పడమటి దారి మాని, పసిఫిక్ మీదుగా తూర్పు దారిన విమానం నడిపింది. దూరం 13,900 కిలోమీటర్లనుంచి 15,300కు పెరిగింది. కాలం మాత్రం సుమారు రెండు గంటలు తగ్గింది! దూరం ఎక్కువ, ప్రయాణం తక్కువ. నా లెక్కల పుస్తకంలో ఇలాంటి లెక్క లేదు.

మరి ధ్రువం దారి సంగతో? పోలేరా అంటే పోతారు. 2021 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ధ్రువం మీదుగా వచ్చిన ఎయిర్ ఇండియా విమానాన్ని నడిపినవారు నలుగురూ ఆడవాళ్ళే. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో పాటు పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవారే, శివానీ మన్హాస్. దాదాపు పదిహేడు గంటలు. కాని అక్కడ చలికి ఇంధనం గడ్డకట్టకుండా కనిపెట్టుకోవాలి; మామూలు జెట్ ఇంధనం సున్నాకు దిగువ 47 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఏదైనా జరిగితే దిగడానికి దారిపొడుగునా ఎక్కడెక్కడ రన్‌వేలున్నాయో ముందే చూసి పెట్టుకోవాలి. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక రష్యా తన ఆకాశాన్ని పడమటి దేశాల విమానాలకు మూసివేసింది. దారం బిగించేటప్పుడు నేను ఇవేవీ అడగలేదు.

అన్నిటికంటె పెద్ద తప్పు మూడోది. పెద్ద విమానం నిండాలంటే మూడు వందలమంది కావాలి. విచిటాకూ మధురపూడికీ మధ్య రోజూ మూడు వందలమంది ఎక్కడినుంచి వస్తారు? అందుకని నాలుగు ఊళ్ళ నీళ్ళు ఒక చెరువుకు చేర్చినట్టు, చిన్న ఊళ్ళవాళ్ళను పెద్ద ఊళ్ళకు చేర్చి అక్కడినుంచి పంపుతారు. అక్కడ అడగవలసింది 'ఎంత దూరం' అని కాదు, 'తరువాతిది ఎప్పుడు' అని. ఢిల్లీలో విమానం తప్పితే గంటలో మరొకటి ఉంటుంది. చిన్న ఊరికి పోయేది తప్పితే ఒక పూట పోవచ్చు, ఒక రోజూ పోవచ్చు. చిన్న ఊళ్ళవాళ్ళ దూరమంతా అక్కడే ఉంది.

* * *

మరుసటి ఏడు అన్నయ్య సంవత్సరీకం అయిపోయి, చుట్టాలు వెళ్ళాక, అమ్మ నన్ను పిలిచింది. ఆమెకు అప్పటికి ఎనభై ఎనిమిది.

"ఒరేయ్ లెక్కల మాస్టరూ, నేను పోతే పిల్లవాడు ఎంతసేపటికి వస్తాడురా?"

అశుభం మాట్లాడకమ్మా అన్నాను. ఆమె వినలేదు. "అశుభం కాదురా, లెక్క. నీకు వచ్చుగా" అన్నది.

ఈసారి తప్పు చెప్పదలచుకోలేదు. "రెండు రోజులమ్మా. గాలిలో ఉండేది ఇరవై గంటలే. తతిమ్మాదంతా కూర్చోవడమే."

"ఆ ముక్క అప్పుడే నన్నడిగితే చెప్పేదాన్ని కదా" అన్నది అమ్మ. "మా లంకనుంచి ఈ రేవుకు పడవ మీద వచ్చేవాళ్ళం. ఎంతసేపు పడుతుందని పడవవాణ్ణి ఎవరూ అడిగేవారు కాదు. ఎప్పుడు కడతావు, ఎప్పుడు విప్పుతావు అని అడిగేవాళ్ళం. గాలి లేకపోతే రేవులోనే వంట చేసుకుని తినేవాళ్ళం. మా నాయన పోయినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. నడిచి పోగలిగే దూరమైతే పరుగెత్తేదాన్ని. మధ్యలో కొల్లేరు. పడవ దొరికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది."

నాకు అరవై ఆరేళ్ళు వచ్చినా ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు. ఇక్కడినుంచి ఆమె పుట్టిన లంక పక్షి ఎగిరితే పట్టుమని పది కిలోమీటర్లు ఉండదు.

కాసేపటికి అన్నది: "అందుకని వాడికి ఫోను చెయ్యి. నేను పోయాక పరుగెత్తుకు రానక్కరలేదు. నువ్వే పెట్టు కొరివి, నీకు అలవాటైంది. వాడు మాత్రం నేను ఉండగా రావాలి. తీరుబడిగా, మంచి పడవ చూసుకుని రమ్మను."

చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. "పండక్కి వస్తాను బాబాయ్" అన్నాడు.

2025 సంక్రాంతికి వచ్చాడు. ఈసారి చిన్న విమానం తప్పిపోకుండా హైదరాబాదులో ఒక రాత్రి ఉండి, పొద్దున్నే మధురపూడిలో దిగాడు. నేను కారు తీసుకుని వెళ్ళాను. తాడేపల్లిగూడెం దాటుతుంటే పాత రన్‌వే చూపిస్తానన్నాను. "వద్దు బాబాయ్, ఇంటికి పోదాం. మామ్మ చూస్తూ ఉంటుంది" అన్నాడు.

నిజమే. అమ్మ వీధి అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది. వాడు వంగి కాళ్ళకు దణ్ణం పెడితే తల నిమిరి, మొదట అడిగిన మాట ఇది:

"ఎన్ని రేవుల్లో కూర్చున్నావురా?"

"మూడు మామ్మా."

"అన్నం తిన్నావా ఎక్కడైనా?"

"లేదు" అన్నాడు. ఆమె లేచి లోపలికి నడిచింది. గ్లోబు ఇంకా బీరువా మీదే ఉంది. దాని ఇరుసు మేకుకు ఆనాటి దారం అలాగే చుట్టుకుని ఉంది.